మాట పూచీపైనే పూర్ణా మార్కెట్ కొలువులు

పట్నంలో ఉద్యోగమంటే మన పల్లెల్లో ముందుగా పోర్టు, షిప్‌యార్డు, స్టీలు ప్లాంటు మాటే వస్తుంది. అటువంటి సంస్థల్లో ఖాళీ ఏర్పడితే ప్రకటన పడుతుంది. దరఖాస్తు, పరీక్ష, వైద్య పరీక్ష ఒకదాని వెనుక ఒకటి నడుస్తాయి. అదే విశాఖపట్నంలో ఏ పత్రికలోనూ ప్రకటన పడని కొలువులు కూడా ఉన్నాయి. పూర్ణా మార్కెట్ కొట్లలోని కొలువులు అటువంటివి.

కూరగాయలు, కిరాణా సరుకులు, పూలు, పండ్లు అమ్మే ఈ పాత మార్కెట్లో కాటా పట్టేవారు, పొట్లాలు కట్టేవారు, పద్దు రాసేవారు, బస్తాలు దింపేవారు ఉంటారు. పట్నంలో పుట్టినవారితో పాటు పల్లెల నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చినవారు కూడా వీరిలో ఉన్నారు. వారిని ఎవరు పిలిచారు, ఎలా ఎంచారు, ఏ షరతు మీద ఉంచారు అన్నది మనకు తెలియవలసిన విషయం. రేపు మన ఇంటి కుర్రవాడో, అమ్మాయో బస్సెక్కేది అక్కడికే కావచ్చు.

ఎవరి తాలూకు?

కొట్టులో పని అడగడానికి వెళ్ళిన కుర్రవాడిని షావుకారు ముందుగా చదువు గురించి అడగడు. "ఏ ఊరు? ఎవరి తాలూకు?" అని అడుగుతాడు. ఆ రెండు ప్రశ్నలకు వచ్చే జవాబులోనే సగం ఎంపిక అయిపోతుంది. ఊరు తెలిసినదై, తెలిసిన మనిషి ఒకడు "మనవాడే బాబూ, నాదీ పూచీ" అంటే ఆ మాటే దరఖాస్తు, ఆ మాటే సర్టిఫికెట్టు.

అందుచేత ఖాళీ ఏర్పడిన సంగతి బజారులో ఎవరూ చాటరు. పాత గుమాస్తాతో షావుకారు చెబుతాడు. గుమాస్తా పండుగకు ఊరు వెళ్ళినప్పుడు మేనల్లుడినో, పక్కింటి కుర్రవాడినో వెంటబెట్టుకు వస్తాడు. ఒక ఊరివారు ఒకే వరుస కొట్లలో కనబడడానికి కారణం ఇదే. ఆడవారి విషయంలోనూ అంతే. బట్టల కొట్టులోనో, గాజుల కొట్టులోనో ముందే చేరిన అక్కో, వదినో మాట చెబితేనే కొత్త అమ్మాయిని ఇంట్లోవారు పంపుతారు. రాత్రి ఇంటికి చేర్చే చివరి బస్సు వేళ కూడా ఆ ఒప్పందంలో ఒక భాగమే.

ఉపాధి కల్పనా కార్యాలయాల ద్వారా ఖాళీలు తెలియాలని 1959లో ఒక చట్టం వచ్చింది. అయితే ప్రైవేటు రంగంలో పాతిక మంది, అంతకు మించి పనిచేసే సంస్థలకే అది వర్తించేది. నలుగురైదుగురితో నడిచే కొట్టుకు ఆ చట్టంతో పని పడలేదు. కార్డు తీసుకుని పిలుపు కోసం ఎదురుచూసిన కుర్రవాడికి పూర్ణా మార్కెట్ నుంచి పిలుపు రాకపోవడానికి కారణం అదే.

పంచాంగమే ప్రణాళిక

పెద్ద కంపెనీలలో వచ్చే ఏడాదికి ఎందరు మనుషులు కావాలో లెక్క వేసేందుకు ప్రత్యేకంగా ఒక శాఖ ఉంటుంది. మార్కెట్ షావుకారుకు ఆ పని పంచాంగం చేస్తుంది. మార్గశిర మాసం వస్తే బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దర్శనానికి జనం తరలివస్తారు. ముఖ్యంగా గురువారాలలో పాతపట్నం కిటకిటలాడుతుంది. పూలు, కొబ్బరికాయలు, పసుపు కుంకుమలు అమ్మే కొట్టుకు అప్పుడు చేతులు చాలవు. వినాయక చవితికి పత్రి, దసరాకు పూలు, సంక్రాంతికి కొత్త బెల్లం, నువ్వులు అలాగే గిరాకీ తెస్తాయి. శ్రావణ, మాఘ మాసాలలో పెళ్ళిళ్ళు కుదిరితే కిరాణా కొట్టుకు పెద్ద జాబితాలు వస్తాయి. ఆషాఢంలో పెళ్ళి బేరం ఉండదు.

అందువల్ల షావుకారు మనుషులను రెండు రకాలుగా ఉంచుకుంటాడు. ఏడాది పొడుగునా ఉండే నెల జీతగాళ్ళు ఇద్దరో ముగ్గురో. పండుగ పదిహేను రోజులకు పిలిచే రోజు కూలీలు మరికొందరు. చవితికి వచ్చి చురుకుగా పనిచేసిన కుర్రవాడిని దసరాకు మళ్ళీ పిలుస్తారు. సంక్రాంతి దాకా నిలిచిన వాడు నెల జీతంలోకి ఎక్కే అవకాశం ఉంటుంది. పల్లెలో నాట్లు, కోతలు ముగిసి చేతిలో పని లేని రోజులకూ పట్నంలో గిరాకీ రోజులకూ పొంతన కుదిరితే ఇరువైపులా లాభమే. కోతల వేళ, పండుగ వేళ ఒకేసారి వచ్చినప్పుడే షావుకారుకు మనిషి దొరకక ఇబ్బంది.

చీపురుతో మొదలు, గల్లాపెట్టెతో ముగింపు

చేరిన మొదటి రోజున ఎవరినీ కాటా దగ్గర నిలబెట్టరు. తెల్లవారగానే కొట్టు ముందు ఊడవడం, నీళ్ళు చల్లడం, బస్తాలు సర్దడం, పుచ్చు ఉల్లిపాయలు ఏరడం మొదటి పనులు. ఇవి చిన్న పనులుగా కనబడినా పరీక్ష అక్కడే మొదలవుతుంది. వేళకు వచ్చాడా, పిలిస్తే పలికాడా, సరుకు పారబోశాడా, ఇంటికి మోసుకుపోయాడా అని పాత గుమాస్తా కనిపెడుతూనే ఉంటాడు.

ఆ తరువాత పొట్లం కట్టడం. దాని తరువాత కాటా. తూకంలో చెయ్యి తేలికైతే గిరాకీ పోతుంది, బరువైతే కొట్టుకు నష్టం. చివరికి ధరలు నోటికి రావాలి. ఉల్లి ధర ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి. అందరి చేతా బేరం ఆడించుకుని, ఎక్కడ దిగాలో ఎక్కడ ఆగాలో తెలిసినవాడే అమ్మకానికి పనికివస్తాడు. గల్లాపెట్టె చేతికి రావడానికి ఏళ్ళు పట్టవచ్చు. కొన్ని కొట్లలో అది ఇంటివాళ్ళు తప్ప మరొకరు ముట్టరానిది.

కంప్యూటరు బిల్లు, ఎలక్ట్రానిక్ కాటా, ఫోనుతో చెల్లింపు వచ్చాక ఈ వరుస కొంత మారింది. ఇంటర్ చదివిన కుర్రవాడిని కొన్ని కొట్లలో తిన్నగా బిల్లు దగ్గర కూర్చోబెడుతున్నారు. అయినా పూచీ మాట మాత్రం మారలేదు.

కళాసీల జట్టు

లారీ దగ్గర బస్తా దింపే కళాసీల పద్ధతి వేరు. వీరు ఒక కొట్టుకు చెందినవారు కారు. జట్టుగా ఉంటారు. బస్తాకు ఇంత అని కూలి. వచ్చినది పంచుకుంటారు. జట్టులో కొత్తవాడిని చేర్చుకునేది షావుకారు కాదు, జట్టువారే. సరుకు తగ్గిన రోజున వాటా తగ్గుతుంది గనుక కొత్తవాడిని చేర్చుకోవడానికి వారు తేలికగా ఒప్పుకోరు.

ఇటువంటి పని ఒక రిజిస్టరు కిందికి వచ్చిన ఉదాహరణ ఇదే పట్నంలో, రేవులో ఉంది. ఓడ వచ్చిన రోజున పని, రాని రోజున పస్తు అన్నట్టుగా రేవు కూలీల బతుకు ఉండేది. ఎవరికి పని ఇవ్వాలన్నది మేస్త్రీ ఇష్టం. దేశంలోని రేవులన్నిటా ఉన్న ఈ కష్టాన్ని తగ్గించడానికి 1948లో డాక్ కార్మికుల ఉపాధి క్రమబద్ధీకరణ చట్టం వచ్చింది. దాని కింద విశాఖలో కూడా డాక్ లేబర్ బోర్డు ఏర్పడింది. కూలీల పేర్లు రిజిస్టరులోకి ఎక్కాయి. వంతు ప్రకారం పని కేటాయించే పద్ధతి వచ్చింది. హాజరు వేయించుకున్నా పని దొరకని రోజున కొంత భత్యం ఇచ్చే ఏర్పాటు జరిగింది. తరువాత 1997లో వచ్చిన మరో చట్టంతో పోర్టులు ఈ బోర్డులను తమలో కలుపుకునే వీలు ఏర్పడింది. విశాఖ బోర్డు కూడా పోర్టులో కలిసిపోయింది. యంత్రాలు వచ్చి మనుషుల అవసరమూ తగ్గింది.

రేవు చెప్పే పాఠం ఒక్కటే. రోజుకో రకంగా ఉండే పనిని కూడా కాగితం మీద పెట్టవచ్చు. అటువంటి ఏర్పాటు కూరగాయల లారీ దగ్గరికి రాలేదు.

పూచీ ఇద్దరినీ కట్టేస్తుంది

మాట పూచీలో మంచి లేకపోలేదు. ముక్కూ ముఖం తెలియని పట్నంలో కుర్రవాడికి అన్నం, పడక దొరికేది ఆ మాట వల్లనే. కొట్టులో సరుకు పోకుండా షావుకారుకు ధైర్యం ఇచ్చేదీ ఆ మాటే. చిన్న లాభం మీద బతికే కొట్టుకు అంతకు మించిన బీమా లేదు. రెండేళ్ళు పని నేర్పిన కుర్రవాడు వెయ్యి రూపాయల తేడాకు పెద్ద మాల్‌లోకి వెళ్ళిపోతున్నాడని చిన్న షావుకార్లకు బెంగ. అదీ కొట్టివేయదగినది కాదు.

చిక్కు మరోచోట ఉంది. జీతం తక్కువైనా, పని వేళలు పెరిగినా కుర్రవాడు నోరు విప్పలేడు. విప్పితే పూచీ ఉన్న మామకు మాట వస్తుంది. దానికి తోడు అడ్వాన్సు. చెల్లెలి పెళ్ళికో, తండ్రి వైద్యానికో తీసుకున్న సొమ్ము తీరేవరకు కొట్టు విడిచి వెళ్ళరాదన్న మాట నడిస్తే అతడి కాళ్ళకు బంధం పడినట్టే. ఇచ్చిన అప్పు పేరుతో మనిషిని మరోచోట పని చేసుకోనివ్వకుండా ఆపడం 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ప్రకారం చెల్లదు. ఈ సంగతి పల్లెలో తెలిసినవారు తక్కువ.

అన్నిటికంటే పెద్ద లోటు కాగితం. పదేళ్ళు కాటా పట్టిన మనిషి మరో కొట్టుకు వెళ్ళితే తన పదేళ్ళకు రుజువు ఏదీ ఉండదు. బస్తా మీద పడి నడుము విరిగితే ఎవరి దగ్గర పనిచేస్తున్నాడో చూపడానికి చీటీ ముక్క ఉండదు. షావుకారు మంచివాడైతే వైద్యం చేయిస్తాడు. కాకపోతే ఇంటికి పంపుతాడు. ఒక మనిషి బతుకు మరొకరి మంచితనం మీదనే ఆధారపడడం న్యాయం కాదు.

చేరే ముందు అడగవలసినవి

పదిమంది, అంతకు మించి పనిచేసే దుకాణమైతే, నెల జీతం 21,000 రూపాయలు దాటని వారికి ఇ.ఎస్.ఐ. వర్తిస్తుంది. జీతంలో నూటికి ముప్పావు రూపాయి పనివాడిది, మూడుంపావు రూపాయలు యజమానిది. ఆ చిన్న కోతకు భయపడి వద్దనుకోరాదు. జబ్బు చేస్తే ఆసుపత్రి ఆసరా అదే. ఇరవై మంది, అంతకు మించి ఉన్నచోట ప్రావిడెంటు ఫండు కూడా ఉంటుంది. పూర్ణా మార్కెట్లో చిన్న కొట్టుకు ఈ రెండూ అందవు గనుక అక్కడ చేరేవారు మరింత జాగ్రత్త పడాలి. 2021 ఆగస్టులో కేంద్రం ప్రారంభించిన ఇ-శ్రమ్‌లో 16 నుంచి 59 ఏళ్ళ వయసుగల అసంఘటిత కార్మికులు పేరు నమోదు చేయించుకోవచ్చు. అది ఉద్యోగం ఇవ్వదు గాని ఈ మనిషి కార్మికుడని చెప్పే కాగితం అవుతుంది.

పధ్నాలుగేళ్ళు నిండని పిల్లలను కొలువులో పెట్టడం 2016 సవరణ తరువాత ఏ పనిలోనూ నేరమే. "వేసవి సెలవులే కదా" అని పంపే తల్లిదండ్రులు ఈ మాట గుర్తుంచుకోవాలి.

పంపేముందు పూచీ ఉన్న పెద్దమనిషి ఎదుటే నాలుగు విషయాలు తేల్చుకోవడం మేలు. జీతం ఎంత, ఏ తేదీన? వారానికి సెలవు ఏ రోజు? పని వేళలు ఎన్ని? అడ్వాన్సు తీసుకుంటే నెలకు ఎంత చొప్పున పట్టుకుంటారు? వీటిని ఒక తెల్ల కాగితం మీద రాయించి, చేరిన తేదీ వేసి, షావుకారు చేత సంతకం పెట్టించుకోవాలి. జీతం చేతికి ఇచ్చేకంటే బ్యాంకు ఖాతాలో వేయమని అడిగితే ఆ పద్దు కూడా రుజువుగా నిలుస్తుంది.

గిరాకీకి బిల్లు రాసి ఇచ్చే కొట్టుకు పనివాడికి ఒక చీటీ రాసి ఇవ్వడం కష్టం కాదు. అడగడానికి మొహమాటపడే కుర్రవాడి తరఫున ఆ మాట అడగవలసినవాడు పూచీ ఉన్న పెద్దమనిషే. కుర్రవాడు దొంగతనం చేయడని షావుకారుకు హామీ ఇచ్చినవాడు, కుర్రవాడికి అన్యాయం జరగదని అతడి తల్లికి కూడా హామీ ఇచ్చినప్పుడే ఆ పూచీ పూర్తవుతుంది.