కాలి వాపు – సిరల సంగతి

మన బరంపురములోను, చుట్టుపట్ల పల్లెలలోను తెలుగు మాటాడు ఇండ్లయందు "కాలి నరములు ఉబ్బినవి" అను మాట తరచుగా వినవచ్చును. అట్లు ఉబ్బినవి నిజమునకు నరములు కావు. మెదడు ఆజ్ఞను కొనిపోవునది, స్పర్శను తెలియజేయునది నరము. గుండెనుండి రక్తమును అవయవములకు చేర్చునది ధమని. ఆ రక్తమును మరల గుండెకు కొనివచ్చునది సిర. మన విద్యార్థులు తరగతిలో ఈ మూడు పేర్లను వేర్వేరుగా వల్లించి, ఇంటికి పోయి మూడింటిని నరమనియే పిలుతురు. మాటవరుసకు అది తప్పు కాదు. కాని "నరముల బలహీనత" యని తలచి బలమునకు మాత్రలు మ్రింగుచు, తైలములు రాచుకొనుచు ఏండ్లు గడుపువారిని మేము చూచుచున్నాము. అందువలన ఈ నాలుగు మాటలు వ్రాయవలసివచ్చినది.

పాదమునందలి రక్తము గుండెను చేరవలెనన్న, నిలుచున్న మనిషిలో సుమారు నాలుగడుగుల ఎత్తు ఎక్కవలెను. గుండె నెట్టిన వేగము సన్నని కేశనాళికలను దాటునప్పటికి చాలవఱకు అణగిపోవును. అప్పుడు రక్తమును పైకి త్రోయునది పిక్క కండరము. మనము అడుగు వేసినప్పుడెల్ల పిక్క బిగిసి, లోపలి సిరలను పిండును. పైకి పోయిన రక్తము మరల క్రిందికి జారకుండ సిరలలో అక్కడక్కడ చిన్న తలుపులవంటి కవాటములు కలవు. ఇటలీ దేశమందలి పాడువా విశ్వవిద్యాలయములో ఫాబ్రిషియస్ అను ఆచార్యుడు 1603లో వీనిని వర్ణించి గ్రంథము ప్రకటించెను. రక్తవేగమును తగ్గించుటకే ఇవి యున్నవని ఆయన తలంచెను. ఆయన శిష్యుడైన విలియం హార్వే, ఇవి గుండెవైపునకే తెరచుకొనునని గ్రహించి, 1628లో రక్తప్రసరణ సిద్ధాంతమును లోకమునకు తెలిపెను.

హార్వే చూపిన పరీక్షవంటిది పిల్లలు ఇంటనే చేయవచ్చును. తాతగారి చేయి దీనికి మిక్కిలి అనుకూలము! చేతిని క్రిందికి వ్రేలాడనిచ్చి, ముంజేతిమీద పొంగిన సిరను మణికట్టు దగ్గర ఒక వ్రేలితో అదుముడు. రెండవ వ్రేలితో రక్తమును మోచేతివైపు త్రోసి, ఆ వ్రేలు తీసివేయుడు. కవాటము దాటి త్రోసినయెడల నడిమి భాగము ఖాళీగానే నిలుచును. మొదటి వ్రేలు తీసినంతనే క్రిందినుండి నిండును.

కదలక నిలుచున్నప్పుడు చీలమండ దగ్గర సిరలలోని ఒత్తిడి పాదరస మానమున సుమారు 90 మిల్లీమీటర్లుండును. నడచుచున్నప్పుడు ఆరోగ్యవంతునిలో అది 30కి దిగివచ్చును. కవాటములు చెడిన కాలిలో అట్లు దిగదు. రక్తము నిలిచి సిరలు మెలికలు తిరిగి ఉబ్బును. అందలి నీరు కణజాలములోనికి ఊరి వాపగును. గుంటమగ్గము త్రొక్కువాని కాలైనను కదలుచుండును గాని, అంగడిలో దినమెల్ల నిలుచువాని పిక్కకు పనియే లేదు. వంశపారంపర్యము, పలుమార్లు గర్భధారణ, స్థూలకాయము, వార్ధక్యము కూడ దీనికి కారణములు.

ఇంటిలో మొదట కనిపెట్టవలసినది అమ్మ కాలిని. ఉదయము వదులుగానున్న మెట్టెలు సాయంకాలమునకు బిగియుచున్నవా? బొటనవ్రేలితో ముంగాలి ఎముకమీద కొన్ని క్షణములు అదిమిన గుంట పడుచున్నదా? చీలమండపైన లోపలివైపు చర్మము నల్లబడి దురద పెట్టుచున్నదా? అట్లయిన సిరల జబ్బని సందేహింపవచ్చును. ఉపేక్షించినచో అచ్చటనే పుండుపడి నెలల తరబడి మానకుండును. అమ్మలు ఈ సంగతి తమంతట చెప్పరు. చీర అంచు క్రింద దాచుకొందురు.

రెండు కాళ్లును ఒకసారిగా వాచిన, గుండె, మూత్రపిండములు, కాలేయము – వీనిని కూడ పరీక్షింపజేయవలెను. కొన్ని రక్తపుపోటు మాత్రలవలనను పాదములు వాచును. గర్భిణికి వాపుతోపాటు ముఖము ఉబ్బి, తలనొప్పియో కండ్ల మసకయో కలిగినచో ఆనాడే రక్తపుపోటు చూపింపవలెను. గంజాం, గోదావరి తీరములలో చిరకాలముగా నున్న బోదకాలు వేరు జబ్బు. దోమకాటువలన శరీరము చేరిన సన్నని పురుగులు సిరలను గాక, శోషరసనాళములను పాడుచేయును.

అన్నిటికంటె భయపడవలసినది ఒకే కాలు రెండు మూడు దినములలో అకస్మాత్తుగా వాచి, పిక్క నొచ్చుట. లోతు సిరలో రక్తము గడ్డకట్టినప్పుడు ఇట్లగును. కాలు విఱిగి మంచము పట్టినవారికి, శస్త్రచికిత్స జరిగినవారికి, బాలింతలకు ఈ ప్రమాదము హెచ్చు. బాలింతకు నూనె రాచి కాళ్లు పిసుకుట మన ఇండ్ల ఆచారము. ప్రేమతో చేయు పనియే. కాని ఇట్టి కాలిని ఎంతమాత్రము పిసుకరాదు. గడ్డ ఊడి ఊపిరితిత్తులకు పోయినచో ఆయాసము, రొమ్మునొప్పి పుట్టి ప్రాణముమీదికి వచ్చును. ఆనాడే పెద్దాసుపత్రికి తీసికొనిపోవలెను. రక్తము గడ్డకట్టనీయని మందులు సకాలమున అందినచో చాలమంది బ్రతికి బయటపడుదురు. "రేపు చూతము" అనుట ఇక్కడ పనికిరాదు.

సాధారణమైన సిరల వాపునకు నడకయే మేలైన మందు. నిలుచుండు పనివారు నడుమ నడుమ మడమలనెత్తి దింపుచుండవలెను. ఉబ్బిన సిర చిట్లి రక్తము కారినచో, రోగిని పరుండబెట్టి, కాలు పైకెత్తి, శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమిపట్టవలెను. డాప్లర్ అను ధ్వనితరంగ పరీక్షతో ఏ కవాటము చెడినదో నేడు తెలియును. చెడిన సిరను లేజరుతో మూయుటయు కలదు. బిగువు మేజోళ్లను మాత్రము వైద్యుడు ధమనులను పరీక్షించిన పిదపనే తొడుగవలెను. ధమనులు సన్నబడిన కాలికి అవి హాని చేయును. తొడుగవలసినది ఉదయము మంచము దిగకముందే, వాపు ఇంకను రానప్పుడు. రాత్రి పరుండునప్పుడు తీసి, కాళ్లక్రింద రెండు దిండ్లు పెట్టుకొనవచ్చును.