తేదీ లేని రసీదు

పల్నాట్లో కారు కొనడానికి ఒక కాలం ఉంది. కళ్లాల్లో మిర్చి ఎండి, టిక్కీలు గుంటూరు యార్డుకు చేరి, కమీషన్ వ్యాపారి దగ్గర లెక్క తేలాకే రైతు చేతికి డబ్బొస్తుంది. పత్తి డబ్బు కాస్త ముందే వస్తుంది గానీ అది అప్పులకే చాలదు. అందుకే ఇక్కడ పెద్ద కొనుగోళ్లన్నీ శివరాత్రికీ వైశాఖానికీ మధ్య జరుగుతాయి. పెళ్లిళ్లూ అప్పుడే, గృహప్రవేశాలూ అప్పుడే, కొత్త బండ్లూ అప్పుడే. బండి ఇంటికి రాగానే కోటప్పకొండ ఘాట్ రోడ్డెక్కి, త్రికోటేశ్వరుడి ముందు నిలబెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించి పూజ చేయించాలని ఇంటిల్లిపాదీ అనుకుంటారు.

షోరూములకు ఈ సంగతి బాగా తెలుసు. బుకింగ్ రోజున జరిగే మర్యాద చూడాలి. కూల్‌డ్రింకు వస్తుంది, పిల్లలకు చాక్లెట్లు వస్తాయి, పెద్దాయనకు కుర్చీ వేస్తారు. టెస్ట్ డ్రైవ్‌కి బండి ఇంటి ముందుకే తెస్తారు. రసీదు చేతికొచ్చిన మర్నాటి నుంచి ఆ గొంతే మారిపోతుంది. ఫోన్ చేస్తే ఎత్తరు. ఎత్తితే ‘‘కస్టమర్‌తో ఉన్నా సార్, ఐదు నిమిషాల్లో చేస్తా’’ అంటారు. మరి ఇటు మాట్లాడుతున్నది ఎవరు? డబ్బు కట్టిన కస్టమరే కదా.

కొత్త కారు ఆలస్యం కావడం నేరం కాదు. ఆ మాట ముందే చెప్పాలి. 2021లో ప్రపంచమంతా సెమీకండక్టర్ చిప్‌ల కొరత వచ్చింది. ఫ్యాక్టరీల్లో తయారైన బండ్లు కూడా చిన్న చిప్ కోసం ఆగిపోయాయి. ఆ ఏడాది అక్టోబరు 7న మహీంద్రా ఎక్స్‌యూవీ700 బుకింగులు తెరిస్తే 57 నిమిషాల్లో 25 వేలు నిండాయి. తర్వాత బుక్ చేసినవాళ్లలో కొందరు ఏడాది దాటినా ఎదురుచూశారు. 2022 జులై 30న స్కార్పియో-ఎన్‌కి అరగంటలో లక్ష బుకింగులు వచ్చాయి. అన్ని బండ్లు ఒక్కసారిగా ఏ కంపెనీ ఇవ్వలేదు. అంతకుముందు తరం ఇంకా ఓపిక పట్టింది. అంబాసిడర్ కోసం, బజాజ్ చేతక్ కోసం ఏళ్లకేళ్లు ఆగినవాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు. మారుతీ 800 మొదటి బండి తాళం 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ చేతుల మీదుగా ఇచ్చేనాటికి లక్షమందికి పైగా డబ్బు కట్టి కూర్చున్నారు.

ఆగడం మనకి చేతకాక కాదు. మిర్చి నారు పోసినవాడు కాయ ఎర్రబడేదాకా ఆగుతాడు. నాగార్జునసాగర్ కుడికాలువలో నీళ్లెప్పుడు వదులుతారా అని ఆగుతాడు. ఎంతకాలం ఆగాలో చెప్పకుండా ఆపడమే ఇక్కడి బాధ. చెప్పిన తేదీ తప్పినప్పుడు ‘తప్పింది’ అని ఒక్క ఫోన్ చేయకపోవడం అంతకంటే పెద్ద బాధ.

‘‘శుక్రవారం బిల్లింగ్ అయిపోద్ది అన్నా’’

గురజాల దగ్గర పల్లెలో మా పెద్దమ్మ కొడుకు వ్యవసాయం చేస్తాడు. పెద్దమ్మకు గుండె జబ్బు. గుంటూరు ఆసుపత్రికి తరచూ తీసుకెళ్లాలి. పాత కారు మధ్యలో ఆగిపోతోందని కొత్తది బుక్ చేశాడు. నెలలో ఇస్తామన్నారు. ఎక్స్ఛేంజ్ కింద పాత బండి వెంటనే తెచ్చిస్తే మంచి ధర వస్తుందనీ, ఆలస్యమైతే రేటు తగ్గుతుందనీ చెప్పారు. నమ్మి ఇచ్చేశాడు. నెల గడిచింది. రెండో నెలా గడిచింది. పెద్దమ్మను గుంటూరు తీసుకెళ్లాల్సి వచ్చినప్పుడల్లా పిడుగురాళ్ల నుంచి బండి మాట్లాడుకోవడమో, ఆమెను ఆర్టీసీ బస్సెక్కించడమో అయింది.

అన్నయ్య ఫోన్లో షోరూం సేల్స్ కుర్రాడితో మాట్లాడుతుంటే నేను పక్కనే ఉన్నాను.

‘‘శుక్రవారం బిల్లింగ్ అయిపోద్ది అన్నా. కంపెనీ నుంచి బయలుదేరింది.’’

‘‘పోయిన శుక్రవారమూ ఇదే చెప్పావు కదరా అబ్బాయ్. బయలుదేరితే చాసిస్ నంబరు ఉంటది కదా. అది చెప్పు.’’

‘‘అది మాకు కనపడదన్నా. గుంటూరు మేనేజర్ గారికే తెలుస్తది.’’

‘‘ఆయన నంబరియ్యి.’’

‘‘ఆయన మీటింగ్‌లో ఉంటారన్నా.’’

తర్వాత తెలిసింది, అప్పటికి అన్నయ్య పేరు మీద బండి కేటాయించనే లేదని. ఆ కుర్రాడు అబద్ధాలకోరని నేను అనను. చిన్న జీతం, నెలకిన్ని బండ్లు అమ్మాలన్న టార్గెట్, అమ్మితేనే వచ్చే ఇన్సెంటివ్. బుకింగ్ తెచ్చేదాకానే అతని పని. కేటాయింపు నిర్ణయం అతని చేతిలో లేదు, అసలు సంగతి అతనికి చెప్పేవాళ్లూ లేరు. కస్టమర్ ఫోన్ చేస్తే ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి శుక్రవారం అంటాడు. ఆర్నెల్లు తిరిగేసరికి అతను ఇంకో కంపెనీ షోరూంలో చేరతాడు. కొత్తగా వచ్చిన కుర్రాడు కథ మొదటి నుంచీ చెప్పమంటాడు.

పల్నాడు 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా జిల్లా అయింది. కార్ల వ్యాపారంలో మాత్రం పెద్ద నిర్ణయాలింకా గుంటూరులోనో విజయవాడలోనో జరుగుతాయి. మన ఊళ్లలో చాలావరకు ఉన్నవి శాఖలు. బుకింగ్ తీసుకోవడానికి ఇక్కడ మనిషి ఉంటాడు, జవాబు చెప్పడానికి ఉండడు. మాచర్లలో ఉన్నవాడు మేనేజర్‌ని కలవాలంటే నూరు కిలోమీటర్లకు పైన ప్రయాణం చేయాలి. ఒక పనిదినం పోతుంది. గుంటూరులో ఉన్న కస్టమర్ సాయంత్రం షోరూంకి వెళ్లి గట్టిగా అడగ్గలడు. అలా అడిగినవాడికి బండి ముందు పోతుందేమోనన్న అనుమానం దూరాన ఉన్నవాడిని తినేస్తుంది. క్యూ ఎవరికీ కనపడదు కనుక ఆ అనుమానం తీరే దారి లేదు.

పిడుగురాళ్లలో నారాయణాద్రి రైలెక్కి తిరుపతి వెళ్లడానికి టికెట్ తీసుకుంటే, వెయిటింగ్ లిస్టులో మనం ఎన్నోవాళ్లమో రైల్వే ఫోన్లోనే చెబుతుంది. ఆ అంకె రోజురోజుకీ తగ్గుతూ కనిపిస్తుంది. కొన్ని వందల రూపాయల టికెట్‌కి ఉన్న ఈ పద్ధతి పది పదిహేను లక్షల కారుకి ఎందుకు ఉండదు? సమాచారం లేక కాదు. కంపెనీ డీలర్ పేరు మీద బండి బిల్ చేసిన రోజునే దానికి చాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు రాసిపెట్టి ఉంటాయి. ట్రెయిలర్ ఎప్పుడు కదిలిందో తెలుసు. చెన్నై పక్కన శ్రీపెరంబుదూరు నుంచి హ్యుందాయ్ బండ్లు వస్తాయి. మన రాష్ట్రంలోనే పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ ఉంది. 2019 నుంచీ అక్కడ కార్లు తయారవుతున్నాయి. స్టాక్‌యార్డుకు ఏ బండి వచ్చిందో, ఎవరి పేరు మీద పెట్టారో డీలర్ కంప్యూటర్లో ఉంటుంది. దాన్ని డబ్బు కట్టినవాడికి వారానికొక మెసేజ్‌గా పంపడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

నింపని గడి

అన్నయ్య బుకింగ్ ఫారం తీసుకుని చూశాను. మోడల్, రంగు, పెట్రోలా డీజిలా, కట్టిన సొమ్ము... అన్నీ నీటుగా నింపారు. ‘డెలివరీ అంచనా తేదీ’ అన్న గడి ఖాళీ. అడుగున సన్న అక్షరాల్లో, డెలివరీ రోజున ఉన్న ధరే వర్తిస్తుందని ఉంది. దాని కింద అన్నయ్య సంతకం. నేను చూసిన మరికొన్ని ఫారాలూ ఇలాగే ఉన్నాయి. కొన్నిట్లో తేదీ రాసి, పక్కన ‘మారవచ్చు’ అని రాశారు.

ఆ ఖాళీ గడి విలువ చట్టం చదివితే అర్థమవుతుంది. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో చేశారు, 2020 జులై 20 నుంచి అమల్లో ఉంది. అందులో రెండో సెక్షన్ 41వ క్లాజు ఒక సంగతి చెబుతుంది. సరుకు ఇస్తానని ఒప్పుకున్న గడువు దాటించి, దానివల్ల ధర పెరిగేలా చేయడం నిర్బంధ వ్యాపార పద్ధతి (రిస్ట్రిక్టివ్ ట్రేడ్ ప్రాక్టీస్) కిందికి వస్తుంది. ఒక వస్తువు కావాలంటే ఇంకోటి కొని తీరాలని షరతు పెట్టడమూ అందులోనే ఉంది. యాక్సెసరీలు తీసుకుంటేనే బండి త్వరగా వస్తుందన్న మాట షోరూములో ఎన్నిసార్లు విన్నామో గుర్తుచేసుకోండి.

కానీ మొదటి నియమం పనిచేయాలంటే ‘ఒప్పుకున్న గడువు’ అంటూ ఒకటి ఉండాలి. గడి ఖాళీగా ఉంటే ఏ గడువు దాటిందని అడుగుతాం? కార్ల కంపెనీలు ఏటా జనవరిలో ధరలు పెంచడం మామూలే. నవంబరులో బుక్ చేసినవాడికి జనవరిలో బండొస్తే పెరిగిన ధర అతనే కడతాడు. ఆలస్యం షోరూంది, ఖర్చు కొన్నవాడిది. ఆ గడి నింపకపోవడం గుమస్తా మరుపు అని నేను నమ్మను. అది వదిలేయడం వల్ల ఎవరికి లాభమో స్పష్టంగానే ఉంది.

ఆలస్యం రైతుకి ఎంత పడుతుందో పట్నంలో కూర్చుని ఊహించడం కష్టం. డౌన్‌పేమెంట్ కోసం బ్యాంకులో డిపాజిట్ ముందే తీసేస్తాడు. చాలకపోతే నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తాడు. బండి రాకపోయినా ఆ వడ్డీ నడుస్తుంది. లోన్ మంజూరు గడువు దాటితే కాగితాలు మళ్లీ మొదటి నుంచీ. ఈలోగా మూఢం వస్తే, ఆషాఢం వస్తే, ఇంట్లో పెద్దవాళ్లు బండి తెచ్చుకోవద్దంటారు. అంటే ఇంకో నెల. సరిగ్గా మంచిరోజులు అయిపోయాక ‘‘బండి రెడీ, రేపే తీసుకోండి, లేదంటే వేరేవాళ్లకిస్తాం’’ అని ఫోన్ వస్తుంది. అన్ని వారాలు మనల్ని ఆపినవాళ్లు మనకి ఒక్క రోజు ఇవ్వరు.

డీలర్ల కష్టం డీలర్లకీ ఉంది. 2024 సెప్టెంబరు నాటికి దేశంలో షోరూముల దగ్గర 80 నుంచి 85 రోజులకు సరిపడా, దాదాపు 7.9 లక్షల బండ్లు అమ్ముడుపోకుండా ఉన్నాయని డీలర్ల సమాఖ్య ఫాడా చెప్పింది. వాటి విలువ 79 వేల కోట్లు. కొన్న ధరకు వడ్డీ డీలరే కట్టాలి. ఒకపక్క యార్డు నిండా బండ్లు, మరోపక్క కావాల్సిన బండి దొరక్క కస్టమర్ల ఎదురుచూపు. కంపెనీ పంపింది ఒకటి, జనం అడిగింది ఇంకోటి. అందుకే షోరూములో ‘‘తెలుపు రంగైతే ఇవాళే తీసుకెళ్లొచ్చు సార్’’ అంటారు. జీఎస్టీ తగ్గినప్పుడూ ఇలాంటి ఇరకాటమే వచ్చింది. 2025 ఆగస్టు 15న ప్రధాని ప్రకటన తర్వాత కొనేవాళ్లు ఆగిపోయారు. సెప్టెంబరు 22న చిన్న కార్ల మీద పన్ను 18 శాతానికి దిగగానే అందరూ ఒక్కసారి ఎగబడ్డారు. ఇవన్నీ నిజమే. అయితే ఈ కష్టాల్లో ఏ ఒక్కటీ నోరు తెరిచి ‘‘బండి ఇంకా అలాట్ కాలేదండీ’’ అని చెప్పడానికి అడ్డురాదు.

ఎక్కడ అడగాలి

చాలామంది నేరుగా కంపెనీ మీదకే వెళ్లాలనుకుంటారు. కంపెనీకి ఫిర్యాదు పంపాల్సిందే, దానితో డీలర్ కదిలిన సందర్భాలున్నాయి. కానీ దాని మీదే ఆధారపడకూడదు. కంపెనీ, డీలర్ ఎవరికి వారే యజమానులుగా ఒప్పందం చేసుకుంటారు. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు టాటా మోటార్స్ కేసులో ఈ సంగతే తేల్చింది. గోవాలో ఒక కొనుగోలుదారుకి 2011 మోడల్ అని చెప్పి, అప్పటికే 622 కిలోమీటర్లు తిరిగిన 2009 నాటి బండి అంటగట్టారు. ఆ మోసం కంపెనీకి తెలుసని రుజువు కానందున, డీలర్ చేసిన తప్పుకు కంపెనీ బాధ్యత వహించనక్కర్లేదని కోర్టు చెప్పింది. కాబట్టి ఏ మాటైనా డీలర్ దగ్గరే, కాగితం మీదే రాయించుకోవాలి. డబ్బు షోరూం ఖాతాకే వేయాలి. సేల్స్ కుర్రాడి సొంత ఫోన్‌పేకి ఒక్క రూపాయి కూడా పంపొద్దు.

బండి చేతికిచ్చే రోజున ఫారం 21 అడిగి చూడండి. బండి తయారైన నెల, సంవత్సరం అందులో ఉంటాయి. ఇన్సూరెన్స్ తమ దగ్గరే తీసుకోవాలని ఒత్తిడి చేస్తే ఒప్పుకోనక్కర్లేదు. నచ్చిన కంపెనీ దగ్గర తీసుకునే స్వేచ్ఛ కొనేవాడికి ఉందని 2017 నుంచీ బీమా నియంత్రణ సంస్థ నిబంధనలు చెబుతున్నాయి.

మాట వినకపోతే 1915కి ఫోన్ చేసి తెలుగులోనే చెప్పొచ్చు. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కొనుగోలుకి కట్టిన సొమ్ము ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. బుకింగ్ డబ్బు మాత్రమే కట్టినవాళ్లు దాదాపు అందరూ ఈ లెక్కలోకే వస్తారు. షోరూం విజయవాడలో ఉన్నా మనం నివసించే చోటే కేసు వేయొచ్చు. 2019 చట్టం తెచ్చిన మంచి మార్పు అది. ఆన్‌లైన్‌లోనూ వేయొచ్చు. అన్యాయం జరిగిన రెండేళ్లలోపు వేయాలి. రసీదు, బుకింగ్ ఫారం, వాట్సాప్ మెసేజులు దాచిపెట్టుకుంటే అవే సాక్ష్యం. ఫోన్లో చెప్పిన మాటను ఆ రోజే మెసేజ్ పెట్టండి: ‘‘మీరు ఈ నెల 20న ఇస్తామన్నారు, సరేనా?’’ జవాబు వచ్చినా రాకపోయినా, ఆ మెసేజ్‌కి విలువ ఉంటుంది.

మా అన్నయ్య చివరికి షోరూంకి రాతపూర్వకంగా రెండు ప్రశ్నలే పంపాడు. నా పేరు మీద బండి కేటాయించారా లేదా? లేకపోతే నా డబ్బు, ఎక్స్ఛేంజ్ కింద ఇచ్చిన పాత బండి ధర ఏ తేదీకి వెనక్కిస్తారు? అంతకుముందు ఎన్నిసార్లు ఫోన్ చేసినా దొరకని మేనేజర్ ఆ ఉత్తరం అందాక తనే ఫోన్ చేశాడు. ‘‘ఇంకో ఐదు వారాలు పడుతుందండీ, ఇదీ సంగతి, మీరు ఉంటానంటే సరే, డబ్బు వెనక్కి కావాలంటే ఇచ్చేస్తాం’’ అన్నాడు. అన్నయ్య ఉంటానన్నాడు. ఆ ఐదు వారాలకూ పెద్దమ్మ ఆసుపత్రి తేదీలు చూసుకుని ఊళ్లో ఒక కారు నెలవారీగా మాట్లాడుకున్నాడు. అదే మాట మొదటి నెలలోనే చెప్పి ఉంటే, గుండె జబ్బు మనిషి బస్సుల్లో నిలబడి వెళ్లే అవసరం వచ్చేది కాదు.