కోలారు సీమ తెలుగిండ్ల పండుగభోజనము: ఒబ్బట్టు, దాని కట్టు

కర్ణాటక రాష్ట్రపు తూర్పుటంచున, చిత్తూరు, మదనపల్లె సీమల నొరసికొనియున్న కోలారు ప్రాంతమున తెలుగు ఇంటిభాషగా నుండుట ఈ సంచికాపాఠకులకు క్రొత్తగా చెప్పవలసిన విషయము కాదు. కైవారపు నారాయణయోగి తెలుగునను, కన్నడమునను పదములు చెప్పినది ఈ గడ్డమీదనే. 2007లో చింతామణి, బాగేపల్లి మొదలగు తాలూకాలు చిక్కబళ్లాపుర జిల్లాగా వేరుపడినవి. ఆ సరిహద్దు రెవిన్యూ కచేరీలలో నున్నదే గాని వంటయిండ్లలో లేదు. కనుక ఈ వ్యాసమున కోలారు సీమ యనినపుడు పాత జిల్లా యంతయు నని గ్రహింపవలెను.

ఈ సీమ తెలుగును గూర్చి వ్రాసినవారు సామాన్యముగా అది కన్నడము కలసిన తెలుగని ఒక్కమాటతో తేల్చివేయుదురు. వారి వంటను గూర్చియు అట్టి యభిప్రాయమే కలదు: కొంత మైసూరు వంట, కొంత రాయలసీమ వంట, తనదనునది ఏమియు లేదని. ఈ మాట సరికాదని నా తలంపు. కోలారు తెలుగింటి పండుగభోజనమున కొక పద్ధతి కలదు. ఒక కుండలో నుడికిన దానినుండి రెండు వంటకములు తీయుట, నీటిచుక్కనైనను పారబోయకుండుట ఆ పద్ధతికి ప్రాణము. అది పండుగకొరకు పుట్టినది కాదు. నిత్యభోజనమునుండియే పండుగకు ఎక్కినది.

నిత్యభోజనమన రాగిముద్ద. ఒకే ధాన్యమునకు ఉత్తరకోస్తాలో చోళ్లు, తెలంగాణములో తైదలు, ఇచ్చట రాగులు అని పేళ్లు. చిత్తూరు సీమలో సంగటికి బియ్యపు నూకలు కలుపుట వాడుక; కోలారు సీమ ముద్ద పెక్కుచోట్ల ఒంటిపిండితోనే యగును. ఎసరు తెర్లినపుడు పిండి పోసి, కదపక కొంతసేపు ఉడుకనిచ్చి, పిమ్మట తెడ్డుతో ఉండ కట్టకుండ గెలికి, తడిచేతితో ముద్దలు చేయుదురు. నూరు గ్రాముల రాగులలో కాల్షియము 300 మిల్లీగ్రాములకు మించియుండును. మరపట్టిన బియ్యములో అది 10 మిల్లీగ్రాముల చుట్టుపట్ల మాత్రమే. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించినపుడు పట్టణములవారికి ఈ సంగతి వార్తయైనది. ముద్ద తిని మడక దున్నినవాడు దానిని లెక్కలతో పనిలేకయే యెరుగును.

ముద్దకు తోడు సారు. మనము చారు అనుదానిని ఇచ్చటివారు సారు అందురు. అది కోస్తావారి చారువలె పలుచనిది కాదు. ఇందు ముఖ్యమైనది బస్సారు. బసియుట అనగా కన్నడమున వార్చుట. ఆకుకూరను గాని, చిక్కుడుజాతి కాయలను గాని పప్పుతో గూర్చి ఉడికించి, నీరు వార్చుదురు. పైన మిగిలిన కూరను, పప్పును తిరగమోతవేసి, కొబ్బరి చల్లి పల్యము చేయుదురు. క్రిందికి దిగిన నీటిలో వేయించి నూరిన మిరపకాయలు, ధనియాలు, వెల్లుల్లి, చింతపండు చేర్చి, పిడికెడు ఉడికిన పప్పునుకూడ నూరి కలిపి కాచినచో అదియే సారు. పొయ్యి ఒకటి, కుండ ఒకటి, వంటకములు రెండు. కట్టెలకు, నీటికి కరవున్న మెట్టసీమలో ఈ పొదుపు వింతకాదు.

ఇక పండుగనాటి ఒబ్బట్టును చూతము. దీనినే కోస్తావారు బొబ్బట్టనియు, కర్నూలు, అనంతపురములవారు భక్ష్యమనియు, చిత్తూరు సీమవారు ఓళిగ లేక పోళీ యనియు అందురు. కోలారు సీమలో ఒబ్బట్టు, ఓళిగ రెండును వినవచ్చును. పేళ్లకంటె ముఖ్యమైన భేదము పప్పులో నున్నది. కోస్తాలో పూర్ణమునకు శనగపప్పు వాడుట ఎక్కువ. ఇచ్చట విశేషముగా కందిపప్పు. దీనికి కారణము రుచి యొక్కటే కాదని నా యూహ. కందిపప్పు ఉడికిన నీరు సారునకు మిక్కిలి అనుకూలమైనది. ఒబ్బట్టు చేయు నిల్లాలు పప్పును ఎన్నుకొనునపుడే సారును గూర్చియు తలపోయుచున్నదన్నమాట.

చేయు విధమిది. అరకిలో కందిపప్పును కడిగి, రెండు లీటర్లకు తక్కువకాని నీటిలో చిటికెడు పసుపు, చెంచాడు నూనె వేసి ఉడికింపవలెను. ఇచ్చట ఏమరుపాటు కూడదు. పప్పు వ్రేళ్ల నడుమ మెత్తగా నలుగవలెను, కాని కుండలో తనంతట చిదిసి నీటిలో కలసిపోరాదు. చిదిసినచో పూర్ణము జారిపోవును. ప్రెషర్ కుక్కరు వచ్చినపిమ్మట ఈ ఒక్కచోటనే పనులు చెడుచున్నవి. అందుచేత మూతలేని గిన్నెలో వండుటయే మేలు. ఉడికిన పప్పును జల్లిబుట్టలో వంపి, దిగిన నీటిని వేరొక పాత్రలో జాగ్రత్తచేయుదురు. దీనినే కట్టు అందురు.

నీరు పూర్తిగా ఓడిన పప్పునకు సమముగా గాని, కొంచెము తక్కువగా గాని బెల్లము చేర్చి, సన్నని సెగమీద దగ్గరపడువరకు కలియబెట్టవలెను. పిమ్మట ఏలకులు, తురిమిన కొబ్బరి వేసి రోట రుబ్బవలెను. ఇది పూర్ణము. పైపిండికి గోధుమపిండినో, మైదానో, సన్నని రవ్వనో కొంచెము ఉప్పు, పసుపులతో వదులుగా కలిపి, నూనె ధారాళముగా పోసి రెండుమూడు గంటలు నాననిత్తురు. నానినకొలది పిండి సాగును. సాగినకొలది ఒబ్బట్టు పలుచనగును. నూనె రాచిన అరటియాకుమీద పిండిని పరచి, దానికంటె పెద్దదగు పూర్ణపు ఉండను అందుంచి మూసి, వ్రేళ్లతో తట్టి, పెనముమీద ఆకుతోకూడ బోర్లించి, ఆకును మెల్లగా తీసి కాల్చుదురు. నేతితో వడ్డింతురు, పాలు పోసికొని తినువారును గలరు.

కట్టుసంగతి ఇప్పుడు వచ్చినది. తీసియుంచిన నీటిలో చింతపండు పులుసు పోసి, ధనియాలు, ఎండుమిరపకాయలు, మిరియాలు, జీలకర్ర వేయించి కొబ్బరితో నూరిన ముద్దను కలిపి, ఉప్పువేసి కాగనిత్తురు. ఆ తరువాత, ఇది మరువరానిది, నిమ్మకాయంత పూర్ణమును అందులో కరగింతురు. ఆవాలు, ఇంగువ, కరివేపాకులతో తిరగమోత పెట్టి దింపుదురు. పులుపు, కారము, ఉప్పు, తీపి ఒకదానినొకటి మీరకుండ నిలుచుట ఇందలి నేర్పు. దీనిని ఒబ్బట్టుసారనియు, కట్టుసారనియు అందురు. బస్సారులో కూర పైన మిగిలి నీరు క్రిందికి దిగినట్లే, ఇచ్చట పప్పు పైన మిగిలి కట్టు క్రిందికి దిగినది. పల్యమునకు బదులు ఒబ్బట్టు, సారునకు సారే. నిత్యపు వంటయే బెల్లము తగిలి పండుగవంట యైనదని నేననుట ఇందువలననే.

ఉగాది విస్తరిలో తక్కినవి క్లుప్తముగా చెప్పవచ్చును. వేపపూవు, బెల్లము కలిపి ముందుగా నోటవేసికొనుట కన్నడిగులవలె ఇచ్చటి పెక్కు తెలుగిండ్లలోను ఆచారము. కోస్తాలోవలె షడ్రుచుల పచ్చడి చేయువారును గలరు. నానబెట్టిన పెసరపప్పుతో కోసంబరి, అప్పడము, ఏదైన నొక పల్యము ఉండును. శ్రీనివాసపురపు తోటలలో అప్పటికి మామిడి పిందెలు దిగును గనుక మామిడికాయ చిత్రాన్నము తప్పదు. మాంసాహారులైనవారు ఉగాదినాడు ముట్టక, మరునాడు మాంసము వండుకొందురు. కన్నడమున హొసతొడకు అను ఆనాటి విందునకు కొన్ని యిండ్లలో ఉగాదికంటె ఎక్కువ సందడి. దీపావళికి చేయు కజ్జాయమును గూర్చి యొక్కమాట: అది మనము ఎరిగిన కజ్జికాయ కాదు, అరిసె. కోస్తానుండి వచ్చిన కోడలు కజ్జికాయలకు పిండి కలుపుకొని కూర్చుండగా అత్తగారు పాకము పట్టమనుట ఈ సీమలో జరుగదగిన వేడుకయే.

సంక్రాంతిది వేరు కథ. అది చేనికి దగ్గరగా నున్న పండుగ. కోలారు సీమ రైతు పూర్వము రాగిని ఒంటిగా విత్తెడివాడు కాడు. కొన్ని రాగిసాళ్ల కొకటిగా అనపసాలు విడిచి, గట్లవెంట ఆముదమును, నడుమ ఆవాలను చల్లెడివాడు. రాగి వానకాలమున పెరిగి కోతకు వచ్చిన పిమ్మట, మంచు పడు దినములలో అనప పూచి కాయును. మార్గశిర, పుష్యమాసములలో ఊరంతయు అనపకాయల వాసనయే. మంచులో కాసిన కాయకు కమ్మదన మెక్కువని రైతుల మాట. ఆ గింజలను రాత్రి నానబెట్టి, ఉదయమున ఒక్కొక్కదానిని రెండు వ్రేళ్లతో పితికి, తోలు తీసి, పచ్చని పప్పును తీయుదురు. ఇదే పితికిపప్పు. పదిమందికి కూర చేయవలెనన్నచో వేలకొలది గింజలు పితుకవలసియుండును. ఒక్కరివలన కాదు. ముసలివారు, పిల్లలు, ఇంటికి వచ్చిన చుట్టములు అందరును చుట్టు కూర్చుండి పితికినగాని పని తెమలదు. తోళ్లు పశువులకు పోవును. పితికిపప్పు కూర ముద్దకును, దోసెకును గూడ సరిపోవును.

పల్లెలలో ఇట్లుండగా బంగారుగనుల ఊరిలో ఎట్లుండెనో చూడవలెను. 1880లో జాన్ టేలర్ కంపెనీ చేతికి వచ్చినది మొదలు చాంపియన్ రీఫ్, మైసూరు, నందిదుర్గము, ఊరిగాము గనులకు పనివారు తండోపతండములుగా వచ్చిరి. ఉత్తరార్కాటునుండి వచ్చిన తమిళు లెక్కువ. చిత్తూరు సీమనుండియు, చుట్టుపట్ల పల్లెలనుండియు వచ్చిన తెలుగువారును గణనీయులే. చాంపియన్ రీఫ్ గని క్రమముగా భూమిలోనికి 3 కిలోమీటర్లకు మించి దిగినది. పని రేయింబవళ్లు పాళీలలో సాగెడిది. తండ్రి ఒక పాళీ, కొడుకు వేరొక పాళీయైన ఇంటిలో అందరు ఒక్కసారి విస్తళ్లముందు కూర్చుండుట కుదురునది కాదు. పండుగ ఆ యవకాశము నిచ్చెడిది. చేను లేని ఆ కూలిలైన్లలో రాగియు, అనపయు రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట సంతలలో కొనవలసినవే. ఐనను పద్ధతి మారలేదు; పప్పు కొన్నదైనను కట్టు ఇంటిదే. ప్రక్కయింటి తమిళుల పొంగలి మనవారి యిండ్లలోనికి వచ్చినది, మన ఒబ్బట్టు వారి యిండ్లకు పోయినది.

1902లో శివసముద్రమునుండి విద్యుత్తు ఈ గనులకు చేరినది. సుమారు 147 కిలోమీటర్ల ఆ తంత్రీమార్గము ఆనాటి ప్రపంచమునందలి మిక్కిలి పొడవైన వానిలో నొకటి. కాని అది వచ్చినది గనులకొరకు. కార్మికుల పొయ్యిలు కట్టెలతోనే మండెను.

విద్యుత్తుమాట వచ్చినది గనుక దూరదేశపు దృష్టాంత మొకటి చెప్పుదును. అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఆమిష్ అను క్రైస్తవ శాఖవారు గలరు. 18వ శతాబ్దిలో ఐరోపానుండి వచ్చి, నేటికిని ఇంట తమ జర్మను మాండలికమునే మాటలాడుదురు. గుఱ్ఱపుబండ్లలో తిరుగుదురు. వీధి విద్యుత్తంత్రులను ఇంటిలోనికి తెచ్చికొనరు. లాంకాస్టరు ప్రాంతమున వారి పెండ్లివిందునకు కోడిమాంసమును రొట్టెముక్కలతో కలిపి వండిన వంటకము ముఖ్యము. ఆ విందును బంధువులు, ఇరుగుపొరుగువారు కలసి వందలమందికి వండుదురు. ఆ వంట నిలుచుట వారు విద్యుత్తును విడుచుటవలన నని చూచువారు తలంతురు. నాకట్లు తోచదు. పదిచేతులు ఒకచోట చేరుటవలన అది నిలిచినది. మన పితికిపప్పు సంగతియు అంతే. కోలారువారు విద్యుత్తును ముందుగా పొందియు దానిని నిలుపుకొనిరి; చేతులు చెదరినప్పుడే అది సన్నగిల్లినది.

చేతులు చెదరిన కారణములు తెలిసినవే. 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ మూతపడినది. నాటినుండి ఎందరో తెల్లవారకమునుపే మారికుప్పము, బంగారుపేటల రైళ్లెక్కి బెంగుళూరు పనులకు పోయి రాత్రికి తిరిగివచ్చుచున్నారు. పల్లెలలో రాగిచేలు పెక్కు నీలగిరిచెట్ల తోపులైనవి. 2017లో ప్రభుత్వము క్రొత్తగా నాటుట నిషేధించునప్పటికే అవి విస్తారముగా వ్యాపించియుండెను. బోరుబావి యున్నచోట టమాటా వచ్చినది; కోలారు టమాటా సంత ఆసియాలోని పెద్దవానిలో నొకటి. చెరువులు ఎండగా, 2018నుండి బెంగుళూరు మురుగునీటిని శుద్ధిచేసి ఇచ్చటి చెరువులకు పారించుచున్నారు. టమాటా వేసిన రైతును తప్పుపట్టుటకు నాకు నోరు రాదు. కాని టమాటాచేనిలో అనపసాలు ఉండదు.

ఒబ్బట్టుమాత్రము పోలేదు. ఇంకను పెరిగినదనవచ్చును. బెంగుళూరులో ఒబ్బట్లే అమ్ము అంగళ్లు వెలసినవి. కొబ్బరివి, ఖర్జూరమువి, క్యారెట్టువి కూడ దొరకును. రుచికి లోపము లేదు. ఐతే అంగడినుండి ఒబ్బట్టు వచ్చును గాని దానితో కట్టు రాదు. పప్పు ఉడికిన నీరు ఆ వంటశాలలోనే మిగిలిపోవును. తెచ్చిన ఒబ్బట్టుకు ప్రక్కన మామూలు సాంబారు వడ్డించినచో విస్తరి నిండును. కాని ఒకే కుండనుండి పుట్టిన జంటలో ఒకటి లేకపోయినది. ఒబ్బట్టుసారు రుచి యెరుగని పిల్లలు పెరుగుచున్న యిండ్లలో, ఆ పేరుకు అర్థము చెప్పుటయు క్రమముగా కష్టమగుచున్నది.

పండుగనాడు తీరికలేక ఒబ్బట్లు కొనువారికి ఒక ఉపాయము కలదు. గుప్పెడు కందిపప్పును ఎక్కువ నీటిలో ఉడికించి, కొన్న ఒబ్బట్టు నొకదానిని విప్పి అందలి పూర్ణమును ఆ నీటిలో కరగించి, పైన చెప్పిన మసాలాముద్దతో కాచవలెను. ఉడికిన పప్పును కోసంబరిలో కలుపరాదు, అది పచ్చిపప్పుతో చేయవలసినది. ఏదైన నొక ఆకుకూరతో పల్యము చేసికొనవచ్చును. ఈ సారు పెద్దకుండ కట్టునకు సాటి రాదు. మరునాటికి నిలువచేసి, వేడిచేసి, ముద్దతో తిన్నచో కొంత దగ్గరకు వచ్చును.