మాక్బెత్తు: చరిత్రయు, నాటకమును

క్రీస్తుశకము 1040వ సంవత్సరమున స్కాట్లండు దేశపు రాజగు డంకను యుద్ధమున మరణించెను. అతని నెదిరించి పోరాడినవాడు మాక్బెత్తు అను ప్రభువు. ఎల్గిన్ పట్టణ సమీపమున జరిగిన ఆ పోరాటమున డంకను నేలకొరగగా, మాక్బెత్తు సింహాసనము నధిష్ఠించెను. ఆ కాలమున ఆ దేశమున ఇట్టి సంఘటనలు అరుదు కావు. అయినను ఈ సంఘటనను మాత్రము లోకము నేటికిని మరువలేదు. అయిదున్నర శతాబ్దములు గడచిన పిదప ఆంగ్ల మహాకవి విలియం షేక్‌స్పియరు దానిని గ్రహించి, విషాదాంత నాటకముగా రచించుటయే దీనికి కారణము.

సంస్కృత నాటకములు సాధారణముగా మంగళాంతములు. కష్టము లెన్ని వచ్చినను తుదకు నాయకుడు సుఖము నొందుట వానియందలి సంప్రదాయము. పాశ్చాత్యుల విషాదాంత నాటకమున అట్లు గాదు. అందు గొప్ప గుణములుగల పురుషుడొకడు, తన స్వభావమందలి దోషము వలననో, తాను వేసిన ఒక తప్పటడుగు వలననో క్రమముగా పతనమై నశించును. చూచువారికి అతని యెడల జాలియు, అతని గతిని చూచి భయమును ఒక్కమారే కలుగును. షేక్‌స్పియరు రచించిన ఇట్టి నాటకములలో హామ్లెట్టు, ఒథెల్లో, లియరు రాజు, మాక్బెత్తు అను నాలుగును మిక్కిలి ప్రసిద్ధములు. వీనిలో మాక్బెత్తు అన్నిటికంటె చిన్నది.

నాటకమున డంకను వృద్ధుడు, సాధుస్వభావుడు. మాక్బెత్తు అతని సేనానులలో మేటి వీరుడు. శత్రువులను జయించి, తన మిత్రుడగు బాంకోతో తిరిగి వచ్చుచుండగా, ఒక బీడునేలపై ముగ్గురు మంత్రగత్తెలు అతని కెదురగుదురు. అతడు కాడరు సీమకు ప్రభువగుననియు, పిమ్మట రాజగుననియు వారు చెప్పుదురు. బాంకో రాజు కాకున్నను, అతని సంతతివారు రాజులగుదురని పలుకుదురు. మొదటి మాట వెంటనే నిజమగును. రెండవ మాటను నిజము చేసికొనవలెనను కోరిక మాక్బెత్తు మనస్సున మొలకెత్తును. అతని భార్య ఆ మొలకకు నీరు పోయును. తన కోటకు అతిథిగా వచ్చి నిద్రించుచున్న రాజును మాక్బెత్తు స్వహస్తముతో చంపి, సింహాసన మెక్కును. తరువాత బాంకోను చంపించును. మాక్డఫు అను ప్రభువు ఇంగ్లండునకు పారిపోగా, అతని భార్యాబిడ్డలను చంపించును. తుదకు డంకను కుమారుడగు మాల్కము సేనతో దండెత్తివచ్చును. ఆ యుద్ధమున మాక్డఫు చేతిలో మాక్బెత్తు హతుడగును.

చరిత్రయందలి మాక్బెత్తు ఇట్టివాడు కాడు. డంకను మరణించునాటికి వృద్ధుడును కాడు; అతడు రాజ్యమునకు వచ్చి ఆరేండ్లు మాత్రమే అయ్యెను. అతడు మరణించినది శయ్యపై గాదు, యుద్ధభూమిలో. ఆనాటి స్కాట్లండున తండ్రి తరువాత పెద్దకుమారుడే రాజు కావలెనను నియమము స్థిరపడలేదు. రాజవంశపు బంధువర్గమున సమర్థుడైనవాడు సింహాసనమును కోరుట కలదు. మాక్బెత్తు భార్యయగు గ్రువోక్ రాజవంశమున పుట్టినదే. మాక్బెత్తు 1040 మొదలు 1057 వరకు 17 సంవత్సరములు పాలించెను. 1050లో అతడు రోము నగరమునకు యాత్ర వెడలి, అచ్చట పేదలకు ధనమును విరివిగా పంచిపెట్టెనని ఆ శతాబ్దపు చరిత్రకారుడొకడు వ్రాసెను. రాజ్యమున కల్లోలముండినచో, ఏ రాజును సింహాసనమును విడిచి అంత దూరము పోజాలడు. 1057లో లంఫానన్ అనుచోట మాల్కము సేనలతో పోరాడి అతడు మరణించెను.

మరి వీరుడగు రాజు నాటకమున క్రూరుడగు హంతకుడెట్లయ్యెను? షేక్‌స్పియరు ఈ కథను రాఫేలు హోలిన్షెడ్డు పేర వెలువడిన చరిత్ర గ్రంథమునుండి గ్రహించెను. అది 1577లో మొదటిసారియు, 1587లో రెండవసారియు అచ్చయ్యెను. అందు వాస్తవములును, కట్టుకథలును కలిసియున్నవి. మంత్రగత్తెల కథ అందున్నదే. మాక్బెత్తు తొలి పదియేండ్లు న్యాయముగా పాలించెనని కూడ అందు కలదు; షేక్‌స్పియరు ఆ పదియేండ్లను విడిచిపెట్టెను. ఆ గ్రంథమున బాంకో రాజవధకు తోడ్పడినవాడు; నాటకమున అతడు నిర్దోషి. డఫు అను వేరొక రాజును, అతడు నమ్మిన దొన్వాల్డు అనువాడు, భార్య ప్రోద్బలముచే నిద్రలో చంపించిన కథ మరియొకచోట కలదు. దానిని తెచ్చి షేక్‌స్పియరు మాక్బెత్తు కథతో జతపరచెను.

ఈ మార్పులకు ఆనాటి దేశపరిస్థితులు కొంత కారణము. 1603లో ఎలిజబెత్తు రాణి సంతానము లేక మరణింపగా, స్కాట్లండు రాజగు ఆరవ జేమ్సు, మొదటి జేమ్సు అను పేర ఇంగ్లండునకును రాజయ్యెను. షేక్‌స్పియరుండిన నాటక సమాజమును ఆయన తన ఆశ్రయమున చేర్చుకొనెను. జేమ్సు వంశీయులగు స్టూవర్టులు బాంకో తమకు మూలపురుషుడని చెప్పుకొనిరి. అట్టివాడు నిజముగా లేడనియు, తరువాతివారి కల్పన మాత్రమే యనియు నేటి పండితుల అభిప్రాయము. అయినను, రాజు పూర్వికుని రాజహంతకునిగా ఆ రాజు ఎదుటనే చూపుటకు ఏ కవి సాహసించును? మంత్రగత్తెలయందును జేమ్సునకు నమ్మక ముండెను. తన ఓడపైకి తుపానును రప్పించిరను నెపమున 1590, 1591 సంవత్సరములలో స్కాట్లండున పలువురు నిరపరాధులు హింసింపబడిరి. 1597లో ఆయన మంత్రవిద్యలను గూర్చి స్వయముగా ఒక గ్రంథమును ప్రకటించెను.

ఇంతలో దేశమును గడగడలాడించిన ఘటన యొకటి జరిగెను. 1605 నవంబరు 5వ తేదీన పార్లమెంటు సమావేశము కావలసియుండెను. ముందటి రాత్రి ఆ భవనము క్రింది నేలమాళిగలో 36 పీపాల తుపాకిమందును, దానికి కావలియున్న గై ఫాక్సు అనువానిని రాజభటులు పట్టుకొనిరి. రాజును, ప్రభువులను ఒక్క పెట్టున మట్టుపెట్టుటకు కొందరు కాథలిక్కులు పన్నిన కుట్ర యది. ఆ కుట్రతో సంబంధము కలదని 1606లో హెన్రీ గార్నెట్టు అను మతగురువును ఉరితీసిరి. ప్రాణాపాయమున రెండర్థములు వచ్చునట్లు బదులు చెప్పుట అబద్ధము కాదను సిద్ధాంతమును ఆయన సమర్థించినవాడు. మాక్బెత్తు నాటకము ఈ 1606 ప్రాంతముననే రచింపబడెనని పండితులు తలంతురు.

ఆ రెండర్థముల మాటయే నాటకమున మంత్రగత్తెల ఆయుధము. బిర్నాము అడవి కదలి తన కోట మీదికి వచ్చువరకు ఓటమి లేదనియు, స్త్రీకి పుట్టినవా డెవ్వడును తనకు హాని చేయలేడనియు మాక్బెత్తు వినును. వినినంతనే తనకు చావు లేదని పొంగిపోవును. తుదకు మాల్కము సైనికులు ఆ అడవి కొమ్మలను నరికి, అడ్డుగా పట్టుకొని నడచి వత్తురు. మాక్డఫు తల్లి కడుపును కోయగా వెలికి తీయబడినవాడని తెలియును. మాయమాట పలికినవారి దోషము కలదు. కాని తనకు ఇష్టమైన అర్థమునే ఏరుకొని వినినవాని దోషము అంతకంటె గొప్పది.

ఇంతమాత్రమున ఈ నాటకము రాజును మెప్పించుటకు వ్రాసినదని తలచరాదు. జేమ్సు గతించి నాలుగు శతాబ్దములైనను అది నిలిచియుండుటకు కారణము వేరు. మంత్రగత్తెలు మాక్బెత్తుతో రాజగుదువని చెప్పిరే గాని, చంపుమని చెప్పలేదు. బాంకోయును వారి మాటలు వినెను. అతడు కత్తి దూయలేదు. కావున నేరము జోస్యమునది కాదు, దానిని విని దారి నెన్నుకొనిన మనుష్యునిది. మాక్బెత్తు మంచిచెడ్డ లెరుగనివాడును కాడు. రాజు తనకు బంధువు, ప్రభువు, అన్నిటికి మించి తన ఇంటి అతిథి యని హత్యకు ముందే తర్కించుకొనును. తెలిసి తెలిసి తప్పు చేయుటయే అతని విషాదము.

తప్పు చేసిన మరుక్షణముననే శిక్ష ప్రారంభమగును. రాజును చంపిన చేతులతోనే తన నిద్రను కూడ చంపుకొంటినని అతనికి తోచును. విందు నడుమ బాంకో ప్రేతము అతనికి మాత్రమే కనబడును. తొలి హత్యకు ఎంతయో సంకోచించినవాడు రెండవదానిని భార్యకైన చెప్పకయే చేయించును. మూడవ పర్యాయము అమాయకులగు బిడ్డలను చంపించుటకును వెనుదీయడు. అతని భార్య గతియు ఇట్టిదే. చేతుల నెత్తురు కొంచెము నీటితో పోవునని హత్య జరిగిన రాత్రి ధైర్యము చెప్పిన ఆమెయే, తరువాత నిద్రలో నడచుచు, లేని మరకను పదే పదే కడుగుకొనుచుండును. పగవాని సేన రాకముందే, వారి అంతరాత్మయే వారిని పట్టి శిక్షించినది.

చరిత్రయందలి మాక్బెత్తునకు ఈ నాటకము తీరని అపకీర్తిని తెచ్చెను. 17 సంవత్సరములు రాజ్యమును నిలిపి, పేదలకు దానము చేసిన రాజును లోకము హంతకునిగానే ఎరుగును. ఈ అన్యాయమును తెలిసికొనుట చరిత్ర చదువువారి విధి. నాటకము చదువువారు తెలిసికొనవలసినది వేరొకటి. 1040లో స్కాట్లండున నిజముగా జరిగినదానిని నాటకము చెప్పదు. దురాశకు లొంగిన మనస్సులో ఏ కాలముననైన, ఏ దేశముననైన జరుగునదానిని చెప్పును. ఆ రాజు పేరు మారినను, ఆ మాట మారదు.