ముట్లుడిగే వయస్సులో ఉద్యోగం

కట్నీ వైపు వెళ్ళే కొన్ని రైళ్ళు బిలాస్‌పూర్ పెద్ద స్టేషన్‌కు రాకుండా, ఊరి అంచునున్న ఉస్లాపూర్‌లోనే ఆగి వెళ్ళిపోతాయి. ఇంజనును ఒక చివరి నుంచి మరో చివరికి మార్చే పని అలా తప్పుతుంది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచీ ఈ ఊరి రైల్వే కాలనీల్లో తెలుగు కుటుంబాలున్నాయి. ఆనాడు ఉద్యోగాలకు వచ్చినవారు మగవారే. నేడు రైల్వేలో స్త్రీలు టికెట్లు ఇస్తున్నారు, పట్టాల మీద పనిచేస్తున్నారు, ఇంజన్లూ నడుపుతున్నారు.

మే నెలలో ఇక్కడ ఎండ 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. అలాంటి ఒక మధ్యాహ్నం 47 ఏళ్ళ ఉద్యోగిని ఒకరు టికెట్ కౌంటరులో కూర్చుని ఉన్నారనుకోండి. ఉన్నట్టుండి ఛాతీ నుంచి మెడకు, ముఖానికి వేడి పాకుతుంది. చెమటలు, గుండె దడ. కొద్ది నిమిషాల్లో అది తగ్గి, వణుకు పుడుతుంది. వరుసలో నిల్చున్నవారికి మాత్రం చిల్లర లెక్క తప్పిన గుమాస్తా ఒక్కరే కనబడతారు.

ఇంతకూ ఏం జరిగింది? అండాశయాల్లోని అండాల నిల్వ తరిగిపోయే కొద్దీ ఈస్ట్రోజెన్ అనే హార్మోను తగ్గుతుంది. వరుసగా పన్నెండు నెలలు బహిష్టు రాకపోతే ముట్లుడిగినట్లు లెక్క. మన దేశంలో ఇది సగటున 46, 47 ఏళ్ళకు జరుగుతుంది. పాశ్చాత్య దేశాల్లో 51 ఏళ్ళ ప్రాంతంలో. అంటే మన స్త్రీలు ఉద్యోగంలో బాధ్యతలు పెరిగే సమయంలోనే ఈ మార్పును ఎదుర్కొంటారు.

మెదడులోని హైపోథాలమస్ శరీరపు వేడిని అదుపు చేస్తుంది. ఇస్త్రీపెట్టెలోని థర్మోస్టాట్ వంటిదన్నమాట. మామూలుగా ఒంటి వేడి కాస్త అటూ ఇటూ అయినా అది పట్టించుకోదు. ఈస్ట్రోజెన్ తగ్గితే అక్కడి కొన్ని నాడీకణాలు న్యూరోకైనిన్-బి అనే పదార్థంతో అతిగా ప్రేరేపితమవుతాయి. ఆ సహించే హద్దు ఇరుకైపోతుంది. రవ్వంత వేడి పెరిగినా శరీరం నిప్పంటుకున్నంత హడావుడి చేసి, చర్మంలోని రక్తనాళాలను విప్పార్చి, చెమట పట్టిస్తుంది. వీటినే వేడి ఆవిర్లు అంటారు. ఈ న్యూరోకైనిన్-బి పనిని అడ్డుకునే ఫెజోలినెటంట్ అనే మందుకు 2023లో అమెరికాలో అనుమతి లభించింది. హార్మోను చికిత్స అంతకు చాలాముందు నుంచే ఉంది. అది ఎవరికి తగునో వైద్యులే చెప్పాలి.

ఇదేదో నాలుగు రోజుల ముచ్చట కాదు. 2015లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనంలో, తరచుగా ఆవిర్లు వచ్చే స్త్రీలలో అవి సగటున ఏడేళ్ళకు పైగా కొనసాగాయని తేలింది. రాత్రి చెమటలతో నిద్ర చెడితే మరునాడు మాట గుర్తుకు రాదు. దాన్ని తెలివి తగ్గడంగా భావించడం పొరపాటు. చాలామందిలో అది తాత్కాలికమే.

హద్దు ఇరుకైనప్పుడు బయటి వేడి చాలా తేడా చూపుతుంది. కాబట్టి బల్లకు దగ్గరగా ఒక ఫ్యాను, నైలాను బదులు నూలు యూనిఫారం, చల్లని తాగునీరు, ఎవరి అనుమతీ అడక్కుండా అయిదు నిమిషాలు లేచి వెళ్ళే వీలు, వరుసగా రాత్రి డ్యూటీలు పడకుండా చూడడం వంటివి దయాదాక్షిణ్యాలు కావు. శరీరధర్మానికి తగిన ఏర్పాట్లు. బ్రిటన్‌లో 2023లో పనిచోట్ల ఇలాంటి ఏర్పాట్ల గురించి ఒక జాతీయ ప్రమాణమే వెలువడింది. మరుగుదొడ్డి సంగతి మరీ ముఖ్యం. ఈస్ట్రోజెన్ తగ్గితే మూత్రనాళపు పొర పలుచబడి ఇన్‌ఫెక్షన్లు సులభంగా వస్తాయి. పట్టాల వెంట రోజంతా నడిచే కార్మికురాలు మరుగుదొడ్డి లేదని నీళ్ళు తాగడం మానేస్తే, అటు వడదెబ్బ, ఇటు ఇన్‌ఫెక్షన్!

పని మారకపోతే శరీరాన్నే మార్చుకునేవారూ ఉన్నారు. మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో చెరకు కొట్టే స్త్రీలలో 13 వేలమందికి పైగా గర్భసంచి తీయించుకున్నారని 2019లో ప్రభుత్వ విచారణలో బయటపడింది. బహిష్టు వల్ల కూలి పోకూడదన్నది దానికొక కారణం. మన తెలుగు రాష్ట్రాల్లోనూ ఈ ఆపరేషన్లు ఎక్కువే. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో దేశం మొత్తం మీద దాదాపు 3 శాతం మందికి గర్భసంచి తీసివేయగా, ఆంధ్రప్రదేశ్‌లో అది సుమారు 9 శాతం, తెలంగాణలో సుమారు 8 శాతం. గర్భసంచితో పాటు రెండు అండాశయాలనూ తీసేస్తే, ఏళ్ళ తరబడి నెమ్మదిగా తగ్గవలసిన ఈస్ట్రోజెన్ కొద్ది రోజుల్లోనే పడిపోతుంది. ముప్పై అయిదేళ్ళ మనిషి ఆవిర్లతోనే మళ్ళీ పొలానికి వెళ్ళాల్సి వస్తుంది.