కళాపూర్ణోదయమున ఉత్కంఠ, సంఘర్షణ: కావ్యార్థపోషణము

యువజనులకై వ్రాయబడు ఉత్కంఠభరితములైన కథలను విమర్శకులు తఱచుగా కాలక్షేపరచనలుగా భావింతురు. చదువరిచే పుటలు త్రిప్పించుట తప్ప ఉత్కంఠకు వేఱు ప్రయోజనము లేదని వారి యభిప్రాయము. ఇది సమంజసము కాదని నిరూపించుటకు మేము పింగళి సూరన కళాపూర్ణోదయమును గ్రహించుచున్నాము. పదునాఱవ శతాబ్దిలో నంద్యాల కృష్ణరాజునకు అంకితమైన యీ ప్రబంధము రాయలసీమకు చెందినది. 2022లో ప్రత్యేక జిల్లాకు కేంద్రమగు వఱకు నంద్యాల కర్నూలు జిల్లాలోనిది. ఈ కావ్యకథలో ప్రధానపాత్రలు యువతీయువకులు. కథ యాద్యంతము రహస్యములతో అల్లబడినది.

ఉత్కంఠ రెండు విధములు. ‘ఇక నేమి జరుగును?’ అనునది మొదటిది. ‘జరిగినదాని యర్థమేమి?’ అనునది రెండవది. మొదటిది కథ ముగియగానే చల్లారును. రెండవది కావ్యార్థమునకు దారి తీయును. సూరన ఈ రెంటిని జోడించెను. ద్వారకలో కలభాషిణి చెలులతో ఉయ్యాల లూగుచుండగా రంభానలకూబరులు విమానముపై పోవుచుందురు. రంభ గర్వోక్తికి నారదుడు ఆమెకు సవతిపోరు తప్పదని సూచించును. కలభాషిణి నలకూబరుని వలచును. ఆ సవతి యెవరో చదువరి ఊహింపగలడు గాని, అది యెట్లు ఘటిల్లునో ఊహింపలేడు.

సంఘర్షణ యిచ్చటనే మొలకెత్తును. కోరిన రూపమును ధరింపగల వరమును నారదునివలన పొందిన కలభాషిణి రంభరూపమును తాల్చి తన ప్రియుని చేరును. అయితే ఆమె చేరినవాడు నలకూబరుడు కాడు. నలకూబరరూపమున నున్న మణికంధరుడు. ఇరువురును పరరూపధారులే, ఇరువురును వంచించినవారే, వంచితులే. అంతట నిజమైన రంభ వచ్చి మాయారంభతో కలహించును. నేనే రంభనని ఇద్దఱును వాదింతురు. పైకి ఇది హాస్యఘట్టము. లోతుగా చూచినచో, ఎరువు తెచ్చుకొన్న రూపముతో పొందిన ప్రేమ యెవరిది యను ప్రశ్న యీ కలహమునుండియే పుట్టుచున్నది. కవి యీ ప్రశ్నను ఉపదేశముగా చెప్పలేదు. పాత్రల నోట తగవుగా పలికించెను.

1594లో ప్రదర్శింపబడిన షేక్స్‌పియర్ నాటకము ‘కామెడీ ఆఫ్ ఎర్రర్స్’లోను పోలికల వలన చిక్కులు పుట్టును. అచ్చట పోలిక కవలలకు పుట్టుకతో వచ్చినది. ఇచ్చట కోరిక కల్పించినది. కావున సూరన పాత్రలు తమ చిక్కునకు తామే బాధ్యులు.

చిక్కుముడి విప్పువిధమును గమనింపదగినది. కలభాషిణియే మఱుజన్మమున మధురలాలసయై, శిశువుగా నుండగనే కళాపూర్ణుని సభలో పూర్వకథను వెల్లడించును. ఆ కళాపూర్ణుడు పూర్వజన్మమున మణికంధరుడే. ఈ వృత్తాంతమంతయు బ్రహ్మ సరస్వతికి ముందే చెప్పిన కథ యని తెలియును. మాట ముందు, జగత్తు వెనుక. వేషములతో ఒకరినొకరు కప్పిపుచ్చుకొన్న యిరువురును ఆ వేషములు తొలగిన పిమ్మట, మాట మూలముననే తమ్ము తాము తెలిసికొందురు. రహస్యము బయటపడుటయు కావ్యార్థము వెల్లడియగుటయు ఒకే క్షణమున జరుగుచున్నవి.

1914లో వెలువడిన కవిత్వతత్త్వవిచారమున కట్టమంచి రామలింగారెడ్డిగారు ఈ కావ్యపు కథాకల్పనను విపులముగా చర్చించిరి. 2002లో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్‌గార్ల ఆంగ్లానువాదము వెలువడినది. కావ్యము నేటికిని పరిశీలనార్హమే.

నేటి యువజనోత్కంఠకథను బోధించు అధ్యాపకులకు ఈ పరిశీలనమునుండి మూడు ప్రశ్నలు లభించును. కథలో దాచబడినది కేవలము సమాచారమా, లేక పాత్ర తన్ను గూర్చి తాను ఎఱుగని సత్యమా? సంఘర్షణ బయటి శత్రువుతోనా, పాత్ర సొంత కోరికతోనా? రహస్యము వీడిన పిమ్మట మొదటి పుటను మరల చదివినచో దాని యర్థము మాఱునా? మూడవదానికి ఔనని యుత్తరము వచ్చిన కథలో ఉత్కంఠ కావ్యార్థమును మోయుచున్నదని చెప్పవచ్చును. అట్టి కథ ప్రాచీనమైనను, నిన్న మొన్నటిదైనను, తరగతిగదిలో సావకాశముగా చర్చింపదగినది.