చిన్న కుక్కే కదా అనుకోవద్దు

ఒకరోజు ఆలమూరు దగ్గర పల్లె నుంచి రోగికి తోడుగా వచ్చిన మామ్మగారి చేతి మీద రెండు చిన్న గాట్లు చూశాను. ఏమిటని అడిగితే, “ఆయ్, మా మనవడి కుక్కపిల్లండి. అరచేతిలో పడుతుంది. ఆడుకుంటూ కొరికింది. కాస్త పసుపద్దాను” అన్నారు. అప్పటికి మూడు రోజులైంది. ఆ పిల్లకు ఒక్క టీకా కూడా వేయించలేదు. వెంటనే మామ్మగారికి టీకా మొదలుపెట్టించాం.

ఇప్పుడు చాలా ఇళ్ళలో పామరేనియన్, చివావా వంటి బుల్లి కుక్కలు పెంచుతున్నారు. ఇవి పెరిగినా సుమారు మూడు కిలోలే ఉంటాయి. మంచం పట్టిన పెద్దలకు, ఒంటరిగా ఉండే వారికి ఇవి మంచి తోడు. అయితే వీటి విషయంలో రెండు సంగతులు మరచిపోకూడదు. దాని ఒళ్ళు చిన్నది కనుక మనం చేసే చిన్న పొరపాటు కూడా దానికి పెద్దదే. దాని కాటు మాత్రం చిన్నది కాదు.

ఆహారం

పిల్లకుక్క ఎక్కువసేపు పస్తుంటే ఒంట్లో చక్కెర పడిపోతుంది. తూలుతుంది, వణుకుతుంది, సొమ్మసిల్లుతుంది. అందుకే రోజుకు నాలుగుసార్లు కొద్దికొద్దిగా పెట్టాలి. తూలుతుంటే చిగుళ్ళకు కాస్త తేనె గాని చక్కెర నీళ్ళు గాని రాసి, వెంటనే పశువుల డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళాలి. ఉల్లి, వెల్లుల్లి వేసిన కూరలు, చాక్లెట్లు, ద్రాక్ష, కిస్‌మిస్ దానికి విషం. చేప ముళ్ళు, కోడి ఎముకలు గొంతులో గుచ్చుకుంటాయి.

ఇంట్లో రోగికి రాసిన మందులు దానికి అందకుండా పెట్టండి. జ్వరమొచ్చిందని మనం వేసుకునే పారాసిటమాల్, నొప్పి మాత్రలు దానికి వేయకండి. ప్రాణం పోవచ్చు.

ఎండ, దెబ్బలు

పామరేనియన్ చలి దేశపు జాతి. మన కోనసీమ ఉక్కపోత దానికి కష్టం. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, నాలుక చాపి రొప్పి వేడి తగ్గించుకుంటుంది. వేసవిలో తెల్లవారుజామున గాని, పొద్దు గుంకాక గాని బయటకు తిప్పండి. నీళ్ళు ఎప్పుడూ అందుబాటులో ఉంచండి. మంచం మీద నుంచి దూకినా కాలు విరగవచ్చు. మెడపట్టీకి తాడు కట్టి లాగితే శ్వాసనాళం నొక్కుకుంటుంది, ఛాతీకి వేసే పట్టీ మేలు.

టీకాలు

ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో పార్వో వంటి జబ్బులకు టీకాలు మొదలుపెట్టాలి. పార్వో వస్తే రక్త విరేచనాలతో పిల్ల చనిపోవచ్చు. మూడు నెలల వయసులో రేబీస్ టీకా వేయించి, తర్వాత డాక్టరు చెప్పిన ప్రకారం మళ్ళీ మళ్ళీ వేయించాలి. నులిపురుగుల మందు కూడా పట్టించాలి. దాన్ని ముట్టుకున్నాక పిల్లలు సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

కరిస్తే, రక్కితే

1. గాయాన్ని వెంటనే ధారగా పడే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి.
2. పసుపు, కారం, సున్నం, ఆకుపసరు పెట్టకూడదు. కట్టు బిగించకూడదు.
3. అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. ఆలస్యమైనా మానకూడదు.
4. రక్తం వచ్చిన గాయమైతే టీకాతోపాటు గాయం దగ్గర ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా వేయాలి.

“బొడ్డు చుట్టూ 14 సూదులు” అని ఇంకా కొందరు భయపడుతున్నారు. మన దేశంలో ఆ పాత టీకా తయారీ 2004లోనే ఆగిపోయింది. ఇప్పుడు ప్రభుత్వ ఆసుపత్రుల్లో జబ్బ చర్మంలోకి వేసే టీకా ఉచితం. మొదటి రోజును సున్నాగా లెక్కించి 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. నొప్పి తక్కువని, కుక్క బాగానే ఉందని మధ్యలో మీ అంతట మీరు మానేయకండి.

మూడు నెలలు నిండని పిల్లకు కూడా రేబీస్ సోకవచ్చు. లక్షణాలు బయటపడ్డాక మనిషిని బతికించే మందు లేదు. టీకా సమయానికి పడితే మాత్రం జబ్బు రాకుండా ఆపవచ్చు.

మామ్మగారు నాలుగు విడతలూ వేయించుకున్నారు. చివరి రోజు మనవడు కూడా వచ్చాడు. వాడి చేతిలో కుక్కపిల్ల టీకా కార్డు ఉంది. మీ ఇంట్లోనూ బుల్లి కుక్క ఉంటే, దాని కార్డు ఒకసారి తీసి చూడండి.